ఊదామూతలోంచి నాలుగు చుక్కలు

మా పశువుల ఆసుపత్రిలో మా వదినని అందరూ సీరమ్మ అంటారు. రక్తాన్ని మిషన్లో గిర్రున తిప్పితే పైకి తేలే లేతపసుపు నీరే సీరం. ఆవిడకి రోజంతా ల్యాబులో దానితోనే కాపురం. ఆ పేరు పెట్టింది నేనే. ముందు కౌంటర్లో చీటీలు రాసే ఆడపడుచుకి ఆమాత్రం హక్కు ఉండదా?

పరీక్ష చేసే మిషన్ మీదున్న నమ్మకం వదినకి మా అన్నయ్య మీద లేదు. ఒంట్లో నలతగా ఉందని అన్నయ్య అంటే, "ఏదీ, మళ్ళీ చెప్పు" అంటుంది. రెండుసార్లూ ఒకేలా చెబితేనే మాత్ర ఇస్తుంది.

ఇక తక్కువ రక్తం పంపారో, ల్యాబు కిటికీలోంచి గొట్టం తిరిగొచ్చేది, వెనకాలే తిట్టూ వచ్చేది.

"దోమ ఇంతకంటే ఎక్కువ తాగుతుంది బాబాయ్! ఇందులో ఏం పరీక్షించను, నా తలకాయా?"

బాబాయ్ అంటే మా కాంపౌండరు. పెద్దపెద్ద కుక్కల నోట్లో నిబ్బరంగా చెయ్యి పెట్టే మనిషి, ఆ కిటికీ దగ్గర మాత్రం పిల్లి.

ఆ రోజు నిజం పిల్లే వచ్చింది. బస్సు డ్రైవరు ఒకాయన, తలుపంత మనిషి, కూరగాయల సంచిలో పెట్టుకుని తెచ్చాడు. నిన్నటి నుంచీ తిండి ముట్టడం లేదట. నోరు తెరిచి చూద్దామని డాక్టరు చెయ్యి పెడితే రక్కి వదిలింది. "సరే, ముందు రక్తం చూద్దాం" అన్నాడాయన వేలు తుడుచుకుంటూ. బాబాయ్ రక్తం తీసి లోపలికి పంపాడు.

కాసేపటికి వదిన తనే బయటికొచ్చింది. కత్తివాటుకి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డాక్టర్ గారూ, పొటాషియం మిషన్ కొలత దాటిపోయింది. కాల్షియం అడుగంటింది. నమ్మలేక మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే."

డాక్టరు కాగితం లాక్కుని చూశాడు. "ఇంత పొటాషియం ఉంటే గుండె ఆగిపోవాలే! ఇది ఎలా బతికుంది?"

బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నా చేతిలో కలం జారిపోయింది. డ్రైవరు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తర్వాత అంత మనిషీ వంగి, "పొద్దున తిట్టానే నిన్ను, క్షమించవే తల్లీ" అన్నాడు. ఆ తల్లి కాలు పైకెత్తి తోక నాక్కుంటోంది.

"చావబోయేది ఇంత తీరిగ్గా ఉంటుందా డాక్టర్ గారూ?" అని అడిగాడు డ్రైవరు.

డాక్టరు గుండె విని చూశాడు. "ఇప్పటికి బాగానే కొట్టుకుంటోంది. ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేం. బాబాయ్, ఇన్సులిన్ అందుకో! పొటాషియాన్ని దింపాలి."

బాబాయ్ కదల్లేదు.

"వినబడలేదా?"

"డాక్టర్ గారూ..." బాబాయ్ గొంతు పీలగా వచ్చింది. "ఎర్రమూత గొట్టంలో రక్తం చాల్లేదు. ఊదామూతలోంచి నాలుగు చుక్కలు వంచాను. అదే పిల్లిది కదా, రక్తం రక్తమే కదా అని."

ఎర్రమూత గొట్టం సీరం పరీక్షలకి, ఊదామూతది రక్తకణాలు లెక్కపెట్టడానికి. ఊదామూత గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ముందే మందు వేసి ఉంటుంది. ఆ మందు పొటాషియం ఉప్పు. పైగా కాల్షియాన్ని కట్టిపడేస్తుంది. అంటే మిషన్ కొలిచింది పిల్లిని కాదు, మందుని. గుండె నిక్షేపంగా ఉన్న పిల్లికి ఇన్సులిన్ ఎక్కించి ఉంటే, చక్కెర పడిపోయి మా చేతుల్లోనే పోయేది.

"ఎందుకు పోశావ్ బాబాయ్?" అంది వదిన.

"చాల్లేదంటే నువ్వు తిడతావనమ్మా."

వదిన చెంపదెబ్బ తిన్నదానిలా చూసింది.

"ఆ రెండంకెలూ అలా కలిసొస్తే గొట్టం సంగతి అడగాలని నాకు తెలుసు," అంది. "మిషన్ని రెండుసార్లు అడిగాను. మనిషిని ఒక్కసారీ అడగలేదు."

మళ్ళీ రక్తం తీశారు. వదినే వచ్చి పిల్లి కాళ్ళు పట్టుకుంది. "ఎంతొస్తే అంతే తియ్యి బాబాయ్" అంది. ఈసారి అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. డ్రైవరు కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి నవ్వాడు. పిల్లిని తువ్వాలులో చుట్టి నోరు తెరిపిస్తే, విరిగిన పన్నొకటి చిగుర్లో గుచ్చుకుని ఉంది!

ఇంటికి నడుస్తుంటే వదిన ఉన్నట్టుండి ఆగింది.

"నేనంత గయ్యాళినా?"

ఆడపడుచు జన్మకి ఇలాంటి అవకాశం మళ్ళీ దొరకదు. అయినా అవుననడానికి నోరు రాలేదు. "కొంచెం" అన్నాను.

మర్నాడు బాబాయ్ ఓ ముసలి కుక్క రక్తం తెచ్చాడు, గొట్టం అడుగున తడి ఉందంతే. కిటికీకి బారెడు దూరంలో ఆగి, చెయ్యి మాత్రం చాపాడు.

వదిన గొట్టం వెలుగుకి పెట్టి చూసింది. "అన్నిటికీ చాలదు బాబాయ్. ముఖ్యమైనవి రెండు చేస్తాను, ఏవి కావాలో డాక్టరుగారిని అడిగిరా."

బాబాయ్ దగ్గరికొచ్చి కిటికీలోకి తల పెట్టి, పిల్లి విషయంలో కూడా పడనంత కంగారు పడుతూ అడిగాడు.

"ఒంట్లో బాగానే ఉందా అమ్మా?"