విచ్చిన పువ్వు

పెరట్లో గులాబీలు మొగ్గలేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కంచిలిలో మా ఇంటి చుట్టూ ఉన్న కొబ్బరి, జీడి చాలవన్నట్టు, నేను హోసూరులో పనిలో ఉండగా మా ఆవిడ కాశీబుగ్గ నుంచి ఆరు గులాబీ మొక్కలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి నాటింది. నేను తిరిగొచ్చే నాటికి అవి నడుం దాకా పెరిగాయి.

తప్పు నాదే. ఐదేళ్ళూ ఫోన్లో ఒకటే అబద్ధం: "గులాబీతోటలో పని, హాయిగా ఉన్నాను." ఏం హాయి? ప్లాస్టిక్ పాకల కింద ఉక్క, పురుగుమందు కంపు, వెనకే నిలబడి అరిచే మేస్త్రి. మొగ్గ రాగానే విచ్చకుండా వలతొడుగు వెయ్యాలి. దూరదేశాలకి పంపే సరుకు, గట్టిగా ఉండగానే కొయ్యాలి. ఒక్కటి విచ్చినా మనకి బూతులు, పువ్వు చెత్తగోతిలోకి. నేను అక్కడ చూసిన విచ్చిన పువ్వులన్నీ ఆ గోతిలోవే.

ఆమధ్య ఒకరోజు పొద్దున్న పెరట్లోకి వెళ్తే పదకొండు మొగ్గలు కోతకొచ్చి ఉన్నాయి. చెయ్యి ఆగలేదు. కత్తెర తెచ్చి అన్నీ కోసి, కాడలు సమానంగా కత్తిరించి, కట్టకట్టి బకెట్లో పెట్టాను. పని శుభ్రంగా చేశానని మురిసిపోయాను కూడా, సిగ్గులేని వెధవని.

ఆవిడ బకెట్ చూసింది.

"ఏటి సేసినావు మావా?"

"కోతకొచ్చినాయి. కోసీసినాను."

"ఎవులు కొయ్యమన్నారు? నువ్వక్కడ రోజూ సూసే పువ్వు నేనూ సూద్దామని యేసుకున్నాను. ఒక్కటైనా ఇప్పారనిచ్చినావా?"

"ఇప్పారితే ఎందుకే? పారెయ్యడానికేనా?"

అది మేస్త్రి మాట. వాడి మాట నా నోట రావడం విని నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా తప్పయిందని అనలేదు.

రెండు రోజులు కంచం నా ముందు విసిరినట్టు పెట్టి వెళ్ళేది. మూడో రోజు గోడవార కొమ్మకి పాత చీరముక్క కట్టి ఉంది. లోపల ఒక మొగ్గ. నా కంటపడకుండా దాచింది. నా ఇంట్లో, నాకు భయపడి, మొగ్గకి తొడుగు! కోపం తలకెక్కింది. వెళ్ళి ముడి విప్పాను.

"ముట్టుకున్నావంటే సెయ్యి ఇరగ్గొట్టీగల్ను!" గుమ్మంలోంచి ఆవిడ కేక.

"కొయ్యనే. గుడ్డ కడితే ఇప్పారదు. ఇప్పారకూడదనే అక్కడ తొడుగులేసేవోళ్ళం." చీరముక్క ఊడదీశాను. "హాయీ లేదు, ఏటీ లేదు. నీకు అబద్దం సెప్పినాను."

"ఐదేళ్ళూనా?"

తలూపాను. ఆవిడ లోపలికి వెళ్ళి కత్తెర తెచ్చి నూతిలోకి విసిరేసింది. వచ్చి అరుగు మీద కూర్చుంది.

"సెప్పు. మొదటి రోజు కాడ్నించి, ఏదీ ఇడిసిపెట్టకుండా సెప్పు."

రెండు రోజులకి పువ్వు విచ్చింది. నేనింకా మొదటి ఏడాది దగ్గరే ఉన్నాను.