ఎవరి బిడ్డో కుట్టిన గౌను

నిర్మల్ నుంచి ఖానాపూర్ మీదుగా పోయే బస్సులో నా పక్కన కూర్చున్నతను, ఒళ్లో చిన్నపిల్లల గౌను పెట్టుకుని అదే పనిగా కుట్లు తడుముతున్నాడు.

"గట్ల నలిపితె ఖరాబైతది బిడ్డా, సంచిల పెట్టు," అన్నాను.

"నా బిడ్డకు తెచ్చిన అవ్వా. దుబాయిల అగ్గువకు దొరికింది."

చవకంటే నాకు ప్రాణం. ఇంకో రెండు తేకపోయావా అన్నాను.

అతను గౌను మెడ తిప్పి లోపలి చీటీ చూపించాడు. బంగ్లాదేశ్‌లో కుట్టినదట. దుబాయిలో అతను ఉండే గదిలో పక్క మంచం మనిషిదీ ఆ దేశమే. ఆ మనిషి కూతురు, పదహారేళ్ల పిల్ల, ఇట్లాంటివి కుట్టే కార్ఖానాలో పనిచేసేది. నిప్పంటుకున్న రోజు తలుపుకు బయట తాళం ఉందట.

"రూమోళ్లమంత తలా ఇంత ఏసి ఆ పిల్ల తల్లికి పంపినం. గీ గౌను గంతకు ముందే కొన్న. పారేస్తనంటె గా పిల్ల తండ్రే వద్దన్నడు. ఎవలన్న తొడుక్కోవాల్ననే గద నా బిడ్డ కుట్టింది, నీ పిల్లకియ్యి అన్నడు. నువ్వు జెప్పవ్వా, ఎట్ల తొడగాలె?"

నేను గౌను అందుకుని, నలిగిన చోటల్లా సాపు చేసి, మడిచి అతని ఒళ్లో పెట్టాను.

ఖానాపూర్‌లో అతను దిగగానే ఒక చిన్నపిల్ల ఉరికొచ్చి కాళ్లను చుట్టుకుంది.

"నాకేం తెచ్చినవ్ బాపూ?"

అతను కిటికీలో ఉన్న నావైపు చూశాడు. ఇయ్యమన్నట్టు తల ఊపాను.

ఆ పిల్ల ఒంటి మీది బట్టల మీదే గౌను తొడుక్కుంది. అతను తువ్వాలలో మొఖం దాచుకున్నాడు. బస్సు కదిలేదాకా ఆ పిల్ల గిర్రున తిరుగుతూనే ఉంది.