అమ్మకు రాని జ్వరం

పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాల కాలేజీకి వస్తుంటే, బస్సులో పక్కనున్నామె దగ్గర బీడీ తంబాకు వాసన వచ్చింది. అచ్చం మా ఇంటి వాసన. నాన్న దుబాయిలో ఉంటే, అమ్మ బీడీలు చేస్తూ మమ్మల్ని చదివించింది.

ఫ్రెండ్స్, మన పదో తరగతి బహుమతుల రోజు గుర్తుందా? ఆ వాసనకు మీరంతా నవ్వుతారని భయపడి తల్లిదండ్రులను తీసుకురమ్మన్న సంగతే అమ్మకు చెప్పలేదు. అమ్మకు జ్వరమని సారుతో అబద్ధమాడాను.

మర్నాడు సారు మా ఇంటికే వచ్చారు. అమ్మ వాకిట్లో బీడీలు చుడుతోంది.

"జరమచ్చిందట గదమ్మా, మీ బిడ్డ చెప్పింది."

అమ్మ నావైపు చూసింది. "అవు సారూ, అచ్చింది. ఇయ్యాల్నే జర తగ్గింది."

సారు వెళ్లాక అమ్మ మళ్లీ బీడీలు చుట్టసాగింది. నేను ఏడ్చాను.

పదో తరగతిలోని నాకు ఇప్పుడు ఒక్కటే చెప్పాలనుంది: అమ్మను తీసుకుపో, ముందు వరుసలో కూర్చోబెట్టు.