చుక్క రాని ఎస్పరు

నా చిన్నప్పుడు మా సంఘంలో సాయంకాల ప్రార్థనను వెస్పర్ అనేవారు. రేణిగుంట రైల్వే క్వార్టర్స్‌లోని ముసలివాళ్ల నోట అది ‘ఎస్పరు’ అయింది. అది లాటిన్ మాట అనీ, సాయంకాలానికీ, ఆ వేళ పడమట కనిపించే చుక్కకూ ఆ భాషలో అదే పేరనీ మా పాస్టరయ్య ఆదివారపు బడిలో చెప్పారు. నా మనసులో చుక్క ఒక్కటే నిలిచింది. చుక్క పొడిస్తేనే దేవుడు వింటాడని నమ్మి, అది కనిపించాకే ప్రార్థనకు చాప పరిచేదాన్ని.

ఒక ఏడు నవంబరు ముసురులో మా నాయన గూడ్సు బండి మీద గూడూరు వెళ్లాడు. మధ్యాహ్నానికి తిరిగి రావాలి. శ్రీకాళహస్తి అవతల ఏరు పట్టాల మీదికి ఎక్కిందనీ, ఒక బండి జాడ తెలియడం లేదనీ స్టేషన్ నుంచి కబురు వచ్చింది. అది నాయన బండేనా అని అడిగే ధైర్యం మా అమ్మకు లేకపోయింది. పొయ్యి వెలిగించకుండా, గడపలో కూర్చుని పట్టాల వైపే చూస్తూ ఉంది.

పొద్దు కుంకుతుండగా మా అవ్వ, నాయనను కన్నతల్లి, చాప పరవమంది. నేను కదల్లేదు. ఆకాశమంతా మబ్బు.

“చుక్క రాలేదవ్వా. ఇప్పుడు చేస్తే దేవునికి వినపడదు.”

“చుక్కకు మొక్కుతామా మే మనం? దాన్ని చేసినోడికి గదా! ఆ కాలంలో గడియారాలు యాడుండాయి? చుక్కను చూసి వేళ తెలుసుకొని మోకరించినారు, ఆ పేరు నిలిచిపోయింది. మబ్బేసిందని సాయంత్రం రాకుండా పోయిందా?”

“దినమంతా చూస్తిమి. దినం అయిపాయె గదత్తా” అంది అమ్మ. ఆ గొంతు వింటే నాకు భయం వేసింది.

అవ్వ లాంతరు వెలిగించింది. మూడో అగ్గిపుల్లకు గానీ అది అంటుకోలేదు. బండి మీద ఉన్నది ఆమె కొడుకు.

“దేవుడు మొదటి దినాన్ని యాడ మొదలుపెట్టినాడు? సాయంత్రంతోనే గదా. ముందు సాయంత్రం, ఆ తర్వాతే తెల్లారడం. దినం అయిపోలేదమ్మా, ఇప్పుడే మొదలయింది. రా, మోకరించు.”

ముగ్గురం మోకరించాం. ఈ దినమే నాయనను ఇంటికి చేర్చమని నేను గట్టిగా అడిగాను. అమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. అవ్వ మాత్రం ఆమేన్ అంది.

తెల్లవారుతుండగా మా నాయన మోకాళ్ల దాకా బురదతో పట్టాల వెంట నడిచి వచ్చాడు. గూడూరు చేరకముందే ఆయన బండిని ఏటికి ఇవతలి స్టేషన్‌లోనే ఆపేశారట. అమ్మ ఏడుస్తూనే విరుచుకుపడింది.

“నిన్న రావాల్సిన మనిషి ఇప్పుడా వచ్చేది?”

“నిన్న యాడిది? ఈ దినమే వచ్చినాడు. బిడ్డ అడిగిందీ అదే” అంటూ అవ్వ, నాయన కాళ్లకు నీళ్లు తేవడానికి లేచింది.

ఎస్పరు అన్న మాట పుట్టిన భాష నాకు ఈనాటికీ రాదు. అడిగినవన్నీ తెల్లవారేసరికి దొరకనూ లేదు. అవ్వను సమాధిలో ఉంచి వచ్చిన సాయంత్రం కూడా మబ్బే. అయినా చాప పరిచాను. చీకటి పడేవేళ కళ్లు మూసుకుని ఇప్పటికీ ‘ఈ దినం’ అనే మొదలుపెడతాను.