ఒకే ఇంటి రెండు క్షయలు: యాకయ్య సార్ స్మృతిలో

గత నెల పదకొండవ తేదీ ఉదయం ఆరుంబావుకు మరిపెడ నుంచి ఫోను వచ్చింది. మా గురువు యాకయ్య సార్ తమ అద్దెగదిలో నిద్రలోనే పరమపదించారన్న వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. లింగాల ఘనపూర్‌లోని కూలీల కుటుంబం నుంచి తొలి పట్టభద్రురాలిగా వచ్చిన నాకు, సూక్ష్మదర్శినిలో క్షయ క్రిమిని మొదట చూపించిన మహనీయుడాయన.

యౌవనంలోనే వెన్నెముక క్షయతో ఆయన నడుము వంగిపోయింది. అదే ఏడు, నెల్లికుదురులో ఆయన ఉంటున్న ఇంట్లోనే, అన్నగారు ఊపిరితిత్తుల క్షయతో మరణించారు. "నీ రోగమే నా మొగుణ్ని మింగింది" అన్న వదినగారి మాటతో ఇల్లు విడిచిన సార్ మళ్లీ ఆ గడప తొక్కలేదు. పెళ్లి చేసుకోలేదు. ఎవరింటా భోంచేయలేదు.

ఒకనాడు నడుము నొప్పితో మా దవాఖాన ప్రయోగశాలకు వచ్చిన సాయమ్మ అనే వృద్ధురాలు, తెమడలో క్రిమి లేదన్న చీటీ చూసుకుని, దవాఖానలో అందరికీ బెల్లం పంచి వెళ్లిపోయింది. సార్ వంగిన నడుముతోనే బస్టాండుకు పరుగెత్తారు.

"దిగవ్వా! తెమడల లేకుంటే ఎముకల లేదని ఎవలు చెప్పిండ్రు?"

"ఇగ పంచిన బెల్లం వాపస్ అడగాల్నా సారూ?"

"నా నడుము జూడు. గిట్లయితే బస్సు మెట్టు గూడ ఎక్కలేవు."

ఆమె దిగింది. సుదీర్ఘ చికిత్స అనంతరం నిటారుగా నడిచివచ్చింది.

క్రిమి జన్యువుల్లోని స్వల్ప భేదాలు కూడా వ్యాధిని ఎముకల వైపు మళ్లించవచ్చునని, రోగి దేహతత్త్వమూ అందుకు కారణం కావచ్చునని నేను చదివి వినిపించిన రోజున సార్ అడిగారు:

"మా అన్నదీ నాదీ ఒక్కటే పురుగో కాదో ఎట్ల తెలుస్తది బిడ్డా?"

"ఇద్దరి నమూనాలు ఉంటే పోల్చవచ్చు సార్. వేరైతే నింద మీది కాదు. ఒకటే అయినా, ఎముకల క్షయ ఇంకొకరికి అంటదు కద."

"గది నాకెరుకే. మా వదినకు చూపెట్ట ఓ కాయితం గావాలె."

ఆ కాలంలో ఎవరూ నమూనాలు భద్రపరచలేదు.

అంత్యక్రియలకు వదినగారు వచ్చి దూరంగా నిలబడ్డారు. నేను సమీపించి, "అవ్వా, సార్ నడుముల రోగం ఎవ్వలకు అంటేది కాదు" అన్నాను.

"గట్లని రాసిన కాయితముందా బిడ్డా?"

ఆ కంఠంలో కోపం లేదు. నా దగ్గర కాగితమూ లేదు.

ఆయన నడుముకు అనువుగా చేయించిన బల్ల వద్ద మరెవరమూ పని చేయలేకపోతున్నాము. ఆ ఖాళీకే నా నమస్సులు.

అంత్యక్రియల నాటి నుంచి మా ప్రయోగశాలలో, ఒకే ఇంట్లో ఇద్దరికి క్షయ వస్తే ఇద్దరి నమూనాలనూ జన్యుపరీక్షకు పంపి, ఫలితాన్ని ఇంటివారికి తెలుగులో రాసి ఇస్తున్నాము.