గుమ్మం మీది గాటు

నా చిన్నప్పుడు నాకు రెండు విద్యలు బాగా వచ్చేవి. ఒకటి బడి ఎగ్గొట్టడం, రెండోది ఉన్నదానికి లేనిది తగిలించి నలుగురినీ నవ్వించడం. మూడో తరగతిలోనే బడి మానిపించారు కాబట్టి మొదటి విద్య అంతటితో ఆగిపోయింది. రెండోది ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మా ఊరి చివర గుట్ట కింద ఒక రాతి బంగళా ఉండేది. ఎప్పుడో అమెరికా నుంచి వచ్చిన దొర, దొరసాని కట్టుకున్న ఇల్లు. వాళ్ళు పోయాక అందులో ఎవరూ కాపురం ఉండలేదు. మంచం, మేజా, గోడ గడియారం ఎక్కడివక్కడే ఉంచేశారు. ఊడ్చి, తుడిచి, తాళం వేసే పని మా అవ్వది. చూడడానికి ఎవరైనా వస్తే అవ్వ తాళం తీసేది, నేను కథలు చెప్పేదాన్ని. కథల్లో సగం నావే.

ఒక ఎండాకాలం బంగళాను బాగుచేయించడానికి ముగ్గురు పెద్దమనుషులు వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చారు. పాతవాటిలో ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూసి చెబుతున్నారు. అవ్వ నీళ్ళకు పోయింది. గుమ్మం కొయ్య మీద, నా భుజమంత ఎత్తులో, అడ్డంగా కత్తితో కోసిన గాటు ఒకటి ఉంది. ఒకాయన దాన్ని వేలితో తడిమి, "ఇదేంది పాపా?" అన్నాడు.

నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు అసలే లేదు.

"దొర కుక్కలను కొలిచే గీత సార్! ఇంతకన్నా పెరిగితే ఇంట్లోకి రానియ్యరు. అందుకే అవి ఇట్ల నిలబడతాండె" అని, గాటు కింద మోకాళ్ళు వంచి, నాలుక వేలాడేసి నిలబడ్డాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ ఉత్సాహంలో మొరిగాను కూడా.

తల తిప్పితే గడప అవతల బిందెతో అవ్వ.

"ఏమవ్వా, నీ మనవరాలు చెప్పేది నిజమేనా?" అని ఆయన నవ్వుతూనే అడిగాడు.

అవ్వ నన్ను చూసింది. కొయ్యను చూసింది. "నిజమే సామీ. పిల్ల చెప్పినట్లే" అంది.

"అయితే చిత్రిక పట్టెయ్యప్పా. కుక్కల గీత మనకెందుకు?" అన్నాడాయన వడ్రంగితో.

మధ్యాహ్నానికి కొయ్య నున్నబడింది. సాయంత్రానికి దాని మీద పచ్చరంగు పడింది.

ఇంటికి పోయాక కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా చిన్నతనంలో కరువొస్తే దొరసాని ఆ గుమ్మం కాడ్నే గంజి పోస్తాండె. గాటుకన్నా పొట్టి పిల్లోళ్ళకు ఊరికే పోసేది. దాటినోళ్ళు రాళ్ళు మోస్తేనే. మా యక్క గాటుకు వేలెడు పొడుగు. రాళ్ళు మోసే సత్తువ యాడుండాది? మోకాళ్ళు వంచి నిలబడింది. దొరసాని కనిపెట్టింది. కనిపెట్టి, యక్క నెత్తిన చెయ్యి పెట్టి ఇంకొంచెం కిందికి అణిచి, గంజి పోసింది."

ఆ అక్క ఆ కరువులోనే పోయిందట. ఎక్కడ పూడ్చారో కూడా ఎవరికీ తెలియదు. ఆ పిల్ల ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి ఆ గాటు ఒక్కటే అప్పటిదాకా మిగిలి ఉంది.

"మరి అబద్ధమని వాళ్ళకు చెప్పొచ్చు కదవ్వా?" అన్నాను.

"నలుగురి ముందర నిన్ను అబద్ధాలకోరును చేయమంటావా?" అంది, కట్టెలు ఎగదోస్తూ.

మరునాడు పోయి ఆ కొయ్యను పైనుంచి కింది దాకా తడిమాను. రంగు వేళ్ళకు అంటింది. గాటు తగల్లేదు. అవ్వ బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఇంత సిగ్గు మిగిలేది కాదేమో.

నవ్వించడం మానలేకపోయాను. పెళ్ళిలోనైనా, బస్సులోనైనా నోరు ఊరుకోదు. కానీ నా మాటకు అందరూ నవ్వుతున్నప్పుడు నా కళ్ళు ఆ నవ్వేవాళ్ళ మీద నిలవవు. నవ్వని మనిషి ఎవరైనా ఉన్నారేమోనని వెతుకుతుంటాయి.