కొండ మీద అందరికీ పువ్వే కనిపించింది

మా ప్రొఫెసర్ గారికి నేను అరకు నుంచి రాసిన పోస్టుకార్డు ఈపాటికి డిపార్ట్‌మెంట్‌లో అందరూ చదివేసి ఉంటారు. ఇక మీ దగ్గర దాచేదేముంది, చెప్పేస్తాను. ముందు టీ పోయండి.

నాది సైకాలజీ ఎమ్మే కదా. థీసిస్ కోసం సిరా మరకల టెస్టు తీసుకున్నాను. కాగితం మీద సిరా ఒలికించి, మధ్యకి మడిచి విప్పితే రెండు వైపులా ఒకేలాంటి మరక పడుతుంది. అది చూపించి "ఇందులో మీకేం కనిపిస్తోంది?" అని అడగాలి. ఏ వయసువాళ్ళు ఏం చూస్తారో రాసుకోవాలి. వయసు మీద పడితే ఊహాశక్తి తగ్గుతుందని నేను మొదటి చాప్టర్లో ముందే రాసి పెట్టేసుకున్నాను కూడా. ఈ నెలలో డేటా తేకపోతే ఏడాది పోయినట్టేనన్నారు ప్రొఫెసర్ గారు.

పది కార్డులు పట్టుకుని అరకు పైన ఓ కొండ ఊరికి వెళ్ళాను. అక్కడి బడి మాస్టారు తోడొచ్చారు. సరిగ్గా ఆ పొద్దున్నే నాకు పన్ను నొప్పి మొదలైంది.

మొదటి ఇంట్లో పెద్దాయన నన్ను చూస్తూనే "ఆపరేషన్లోళ్ళా?" అని లేచి వెళ్ళబోయాడు. కుటుంబ నియంత్రణ అనుకున్నాడు పాపం. "కాదు మావా, బొమ్మలు సూపిస్తారంతే" అని మాస్టారు కూర్చోబెట్టారు. ఆయనకి తేనెపట్టు కోసం చెట్టెక్కే ఎలుగుబంటి కనిపించింది. రెండో ఇంట్లో తాబేలు. బాగానే సాగుతోంది.

మూడో ఇల్లు సింగారమ్మ అవ్వది. డెబ్భై ఏళ్ళుంటాయి. కార్డు చూసి, "సచ్చిన మేక. పులి సగం తినీసి ఒగ్గీసింది" అంది. సరిగ్గా అప్పుడే పన్ను జివ్వుమంది. బుగ్గ పట్టుకుని తల వంచుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవ్వ నా వంక కాసేపు చూసి, "కాదులే అమ్మా. పువ్వు" అంది. మిగతా కార్డులన్నిటికీ పువ్వే అంది.

నాలుగో ఇంట్లో పువ్వు. ఐదో ఇంట్లో పువ్వు. కాఫీ తోట నుంచి వస్తున్న ఓ అమ్మాయి తట్టైనా దించకుండా "పువ్వండీ" అనేసింది. ఒకాయనైతే కార్డు చూడనే లేదు, నా ముఖం చూసి పువ్వన్నాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి కదా. రాలేదు. సాయంత్రం కూర్చుని పోస్టుకార్డు రాశాను: "సార్, ఇక్కడ వయసుతో పని లేదు. పిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ పువ్వే కనిపిస్తోంది. మన పుస్తకాలు తిరగరాయాలి." మర్నాడు తెల్లవారగానే అది అరకు వెళ్ళే మనిషి చేత పోస్టు చేయించాను.

అదే రోజు కొండమ్మ అనే ఆరేళ్ళ గుంటని కూర్చోబెట్టాను. పది కార్డులకీ పది పువ్వులు చెప్పింది. చెప్పి, నా మోకాలి మీద చెయ్యేసి, మెల్లిగా అడిగింది.

"ఇంక ఏడవ్వు కదా?"

"నేనెందుకు ఏడుస్తానమ్మా?"

"మేకంటే ఏడుత్తావంట. పువ్వంటే ఏడవ్వంట. అవ్వ సెప్పింది."

పక్కకి చూస్తే మాస్టారు అటు తిరిగి ఉన్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

నేరుగా సింగారమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ దాచలేదు.

"మరేటి సెయ్యమంటావు? మేకన్నాను, నీ కళ్ళమ్మట నీళ్ళొచ్చీసినాయి. తల్లినొగ్గీసి ఒక్కర్తివీ ఇంత దూరం వొచ్చిన గుంటవి. పువ్వంటే మాకేటి పోయింది?"

"అవ్వా, అది పన్ను నొప్పి."

"ఆ మాట బేగి సెప్పొచ్చు కదా. నోరు తెరు."

ఏదో బెరడు దంచి పంటి మీద నొక్కి పెట్టింది. నమల్లేనని గోరువెచ్చటి రాగి అంబలి ఇచ్చింది. నేను తాగుతుంటే కార్డులు ఒక్కొక్కటే తీసి, నిజంగా తనకేం కనిపించిందో చెప్పింది. ఒకే రోట్లో చోళ్ళు, అంటే రాగులు, దంచుతున్న ఇద్దరు తోడికోడళ్ళు. తొలివాన పడ్డాక పొగమంచు లేచే కొండ. ఒక కార్డు దగ్గర మాత్రం ఆగిపోయింది. "ఇది మా ముసిలోడు. ఇలాగే కాళ్ళు బారజాపుకుని కూకునీవోడు" అంది. దాన్ని మాత్రం కింద పెట్టలేదు. ఆ కార్డు ఆవిడకే ఇచ్చేశాను.

ముసలివాళ్ళ ఊహాశక్తి గురించి నేను రాసిన చాప్టర్ గుర్తొచ్చి సిగ్గేసింది. ఒక్క చూపుతో నా ముఖం చదివి, నేను నాలుగో గడప తొక్కేలోపు ఊరంతటికీ కబురంపిన మనిషావిడ. తప్పు చదివింది, నిజమే. కానీ ఆ చదవడంలో ఎంత ప్రేముంది.

తిరిగొచ్చి జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఈ పొద్దున్న ప్రొఫెసర్ గారు పిలిచారు. అంతా చదివి, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు.

"ఇంకో నెల టైమిస్తానమ్మా. మళ్ళీ వెళ్ళండి. కార్డులు పట్టుకెళ్ళండి, పెన్ను పట్టుకెళ్ళండి. ముఖం మాత్రం ఇక్కడే పెట్టి వెళ్ళండి."